బదిలీకి కారణం ఫైలు మీద ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఐఏఎస్ అధికారుల బదిలీల జాబితా పత్రికలో వచ్చిన ప్రతిసారీ ఎవరు ఎక్కడికి వెళ్లారో తెలుస్తుంది గానీ, ఎందుకు వెళ్లారో తెలియదు. మహా అయితే 'పరిపాలనా కారణాలు' అన్న రెండు మాటలు ఉంటాయి. ఆ కారణాలేమిటో జనానికి చెప్పాలన్నదే నా విన్నపం.

చట్టపరంగా ఇందుకు దారి ఎప్పుడో పడింది. కేబినెట్ కార్యదర్శిగా పనిచేసిన టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్‌తో సహా 83 మంది మాజీ అధికారులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న తీర్పు చెబుతూ, అధికారులకు కనీస పదవీకాలం నిర్ణయించాలనీ, బదిలీలను పరిశీలించేందుకు సివిల్ సర్వీసుల బోర్డులు వేయాలనీ, నోటిమాటగా ఇచ్చే ఆదేశాలను రాతలో పెట్టాలనీ ఆదేశించింది. ఆ మరుసటి జనవరిలో కేంద్రం ఐఏఎస్ క్యాడర్ నియమాలను సవరించి, కనీస కాలం రెండేళ్లని రాసింది. గడువుకు ముందే ఎవరినైనా కదపాలంటే ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే బోర్డు కారణాలు పరిశీలించాలి. బోర్డు మాట కాదనే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, ఎందుకు కాదంటున్నదో రాసిపెట్టాలి. అయితే ప్రధాన కార్యదర్శి కుర్చీయే ముఖ్యమంత్రి ఇష్టం మీద నిలిచినప్పుడు, ఆయన నడిపే బోర్డు ఎవరికి అడ్డు చెబుతుంది? హర్యానా క్యాడరుకు చెందిన అశోక్ ఖేమ్కా 34 ఏళ్ల సర్వీసులో 57 బదిలీలు చూసి, 2025 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేశారు. ఆయన సర్వీసులో చివరి పదకొండేళ్లు ఈ నియమం వచ్చాక గడిచినవే.

పై అధికారి మారితే కింద ఏమి జరుగుతుందో కళ్లారా చూశాను. నేను సీనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒక చెరువు శిఖం భూమి (చెరువులో నీరు నిలిచే నేల) ఆక్రమణ ఫైలు నా దగ్గర ఉండేది. సర్వే పూర్తయి, హద్దురాళ్లు వేయించి, నోటీసులు కూడా జారీ చేసిన అధికారికి ఒక సాయంత్రం బదిలీ ఉత్తర్వు వచ్చింది. కొత్తగా వచ్చినవారికి ఫైలు పెడితే మార్జిన్‌లో 'ప్లీజ్ స్పీక్' అని రాసి పంపారు. వెళ్లి నిలబడితే, కొన్నాళ్లు పక్కన పెట్టమని నోటితో చెప్పారు. 'చర్చించిన మేరకు' అని రాసి నేను సంతకం పెట్టాను. ఆయన పొట్టి సంతకం కూడా దాని కింద పడలేదు. మూడేళ్ల తర్వాత విచారణ జరిగినప్పుడు మెమో నాకే వచ్చింది, ఎందుకంటే ఆ పేజీలో ఉన్నది నా చేతిరాత ఒక్కటే. ఇప్పుడు ఫైళ్లు కంప్యూటర్‌లోనే నడిచే ఈ-ఆఫీసులో మార్జిన్లు లేవు, ఆ మాటే వాట్సాప్ కాల్‌లో వస్తోందని పాత సహచరులు చెబుతున్నారు. నోటి ఆదేశం అందుకున్న అధికారి దాన్ని వీలైనంత త్వరగా రాతపూర్వకంగా ధ్రువీకరించుకోవాలని, అలా ధ్రువీకరించడం పై అధికారి బాధ్యత అని 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తన నియమాలు చెబుతూనే ఉన్నాయి. అడిగితే బదిలీ ఖాయమన్న భయం ఉన్నంతకాలం ఎవరూ అడగరు.

ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి తనకు నచ్చిన అధికారులను నియమించుకునే హక్కు లేదా అని అడిగేవారున్నారు. ఉంది, ఉండాలి కూడా. పనిచేయని అధికారికి రెండేళ్ల నియమం కవచం కాకూడదనే నేనూ అంటాను. కారణం రాయమనడం ఆ హక్కుకు అడ్డు కాదు. సెలవు చీటీకి కూడా కారణం రాయించుకునే ప్రభుత్వానికి ఇది పెద్ద శ్రమా కాదు.

గడువుకు ముందే బదిలీకి సిఫారసు చేసిన అధికారుల వివరాలను, కారణాలతో సహా, బోర్డు మూడు నెలలకొకసారి కేంద్రానికి నివేదించాలని 2014 సవరణలోనే ఉంది. ఆ నివేదికలను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. దాంతోపాటు తహసీల్దార్లు, ఎంపీడీవోల వంటి మండల అధికారులకూ ఇలాంటి కనీస కాలాన్ని పక్కాగా అమలు చేయాలి. బదిలీలపై నిషేధం ఎత్తేసిన వారం రోజులూ సిఫారసు లేఖల కోసం ఎమ్మెల్యేల ఇళ్ల ముందు ఉద్యోగులు వరుస కట్టడం మన ఊళ్లలో అందరూ చూసేదే. ఆ లేఖలను కూడా బదిలీ ఫైలులోనే ఉంచి, సమాచార హక్కు కింద అడిగినవారికి ఇవ్వాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు