మేజోళ్ల అల్లికలో సూదుల కంటే మడమే ముఖ్యం

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో మేజోళ్లు అల్లడం నేర్చుకోదలచినవారి కోసం ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పత్రికల్లో అరుదుగా కనిపించే ఈ చేతిపనికి అర పేజీ కేటాయించినందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే ఆ వ్యాసం, నడుమ వంగే తీగ ఉన్న పొడవాటి సర్క్యులర్ సూదితో చేసే మ్యాజిక్ లూప్ పద్ధతి ఆధునికమనీ, రెండు మొనల సూదులతో అల్లడం పాతకాలపు కష్టమనీ తేల్చేసి, కొత్తవారు మొదటిదాన్నే పట్టుకోవాలని సలహా ఇచ్చింది. ఊలు అల్లిక నేర్పే పనిలో ఉన్నదానిగా ఈ సలహాను నేను ఒప్పుకోలేకపోతున్నాను. మ్యాజిక్ లూప్ మీద నాకు కోపమేమీ లేదు, దాన్ని నేనూ వాడతాను. సూదుల ఎంపికే మేజోళ్ల అల్లికలోని అసలు సమస్య అన్నట్టు రాయడం, మడమను ఎలా తిప్పాలన్న విషయాన్ని రెండు వాక్యాల్లో దాటవేయడం మాత్రం నేర్చుకునేవారికి మేలు చేయదు.

మేజోడు ఒక కొన మూసుకుని, నడుమ వంపు తిరిగిన సన్నని గొట్టం. స్వెట్టరు ముందు భాగాన్ని రెండు తిన్నని సూదుల మీద అటూ ఇటూ తిప్పుతూ అల్లుకోవచ్చు గాని, ఎనిమిది అంగుళాల చుట్టుకొలత గల గొట్టాన్ని అతుకు లేకుండా అల్లాలంటే కుట్లన్నిటినీ వలయంగా నిలిపే ఉపాయం కావాలి. సూదుల పద్ధతులన్నీ ఆ ఒక్క అవసరం కోసం పుట్టినవే. 64 కుట్ల మేజోడు కోసం రెండు మొనల సూదులు అయిదింటి జతలో నాలుగింటి మీద తలా 16 కుట్లు నిలిపి అయిదోదానితో అల్లినా, 80 సెంటీమీటర్లో అంతకంటే ఎక్కువో పొడవున్న సర్క్యులర్ సూది మీద 32 చొప్పున రెండు సగాలు చేసి మిగిలిన తీగను ఉచ్చులా బయటికి లాగి మ్యాజిక్ లూప్ చేసినా, రెండు సర్క్యులర్ సూదుల మీద చెరి సగం ఉంచినా వచ్చే గుడ్డ ఒక్కటే. అల్లిక పూర్తయిన మేజోడును చూసి అది ఏ సూదుల మీద తయారైందో చెప్పడం అనుభవజ్ఞులకు కూడా సాధారణంగా సాధ్యం కాదు.

పైగా ఏ పద్ధతి ఇబ్బంది దానికి ఉంది. ఒక సూది నుంచి మరొక సూదికి మారే చోట దారం వదులై నిలువునా నిచ్చెనలాంటి గీత పడుతుందని వ్యాసం రెండు మొనల సూదులను తప్పుపట్టింది. మ్యాజిక్ లూప్‌లో కూడా సగాలు కలిసే రెండు చోట్ల అదే గీత పడే అవకాశం ఉందని చెప్పలేదు. దీనికి విరుగుడు రెండింటిలోనూ ఒకటే: కొత్త సూది మీది మొదటి కుట్టును మామూలుగా అల్లి, రెండో కుట్టు అల్లేటప్పుడు దారాన్ని కాస్త బిగించాలి, లేదా కలిసే చోటును చుట్టు చుట్టుకూ ఒకటి రెండు కుట్లు పక్కకు జరుపుకుంటూ పోవాలి. ఇక 23 సెంటీమీటర్ల పొట్టి సర్క్యులర్ సూదితో కలిసే చోటంటూ ఉండదు గాని, దాని మొనలు చాలా పొట్టివి కనుక కొందరికి చేతివేళ్లు నొప్పెడతాయి. మేజోడులో కాలివేళ్ల కొన దగ్గర కుట్లు తగ్గేసరికి అవి దాని చుట్టూ సాగవు కాబట్టి అక్కడ ఎలాగూ వేరే సూదులకు మారవలసిందే. దారాన్ని కుడిచేత పట్టాలా ఎడమచేత పట్టాలా అన్న చర్చ కూడా ఇలాంటిదే. ఎవరి చేతికి ఏది వాటమైతే అది వాడుకోవచ్చు.

రెండు మొనల సూదులు పాతవన్న మాట మాత్రం నిజమే. 1400 ప్రాంతంలో జర్మన్ చిత్రకారుడు మాస్టర్ బెర్‌ట్రామ్ బుక్స్‌టెహూడె చర్చి పీఠం కోసం వేసిన చిత్రంలో మరియమ్మ ఇలాంటి సూదుల మీదే చొక్కాను గుండ్రంగా అల్లుతూ కనిపిస్తుంది. ఆరు వందల ఏళ్లకు పైగా పనికొచ్చిన పనిముట్టును పాతదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టమనడం నాకు సబబుగా తోచలేదు. చరిత్ర ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక సవరణ. వ్యాసం పక్కన ఇచ్చిన చిన్న పెట్టెలో, ఈజిప్టులో దొరికిన రోమన్ కాలపు మేజోళ్లను ఊలు అల్లికకు తొలి నమూనాగా పేర్కొన్నారు. బొటనవేలు విడిగా ఉండేలా చేసిన ఆ మేజోళ్లు నాల్‌బైండింగ్ అనే వేరే పద్ధతిలో, కన్ను ఉన్న ఒకే సూదితో తయారైనవి. అందులో పొట్టి దారపు ముక్కను ప్రతి ఉచ్చులోంచీ కొసదాకా పూర్తిగా లాగుతారు. మనం నిట్టింగ్ అనే పనిలో మాత్రం తెగని దారాన్ని ఉచ్చులుగా ఉచ్చులోంచి లాగుతాం, అందుకే కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడివస్తుంది. ఇప్పటికి తెలిసిన తొలి నిజమైన నిట్టింగ్ మేజోళ్లు కూడా ఈజిప్టులోనే దొరికాయి గాని, అవి మధ్యయుగానివి, నూలుతో అల్లినవి.

అసలు విషయానికి వస్తాను. వ్యాసంలో ఇచ్చిన నమూనా "64 కుట్లు ఎక్కించండి" అని మొదలైంది. ఆ 64 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. పాదం వెడల్పు భాగం చుట్టుకొలత 9 అంగుళాలు ఉందనుకుందాం. మేజోడు కాలికి అతుక్కుని నిలవాలంటే అది పాదం కంటే సుమారు పదో వంతు చిన్నదిగా ఉండాలి, అంటే దాదాపు 8 అంగుళాలు. సన్నని మేజోళ్ల ఊలును 2.25 లేదా 2.5 మిల్లీమీటర్ల సూదితో అల్లితే చాలామందికి అంగుళానికి 8 కుట్లు వస్తాయి. ఎనిమిదెనిమిదులు 64. అల్లేవారి చేయి వదులుదై అంగుళానికి 7 కుట్లే పడితే అదే 64 కుట్ల మేజోడు 9 అంగుళాలు దాటి, జారిపోతూ ఉంటుంది. అందుకని ముందుగా చిన్న నమూనా గుడ్డ అల్లి కొలవాలి. అదీ గుండ్రంగానే అల్లాలి, ఎందుకంటే అటూ ఇటూ తిప్పి అల్లినప్పుడు నిట్ (సాదా కుట్టు) వరుసకూ పర్ల్ (తిరగేసిన కుట్టు) వరుసకూ బిగువులో తేడా వచ్చి కొలత తప్పుతుంది. ఈ లెక్క తెలిసిన మనిషికి ఎవరి కాలికైనా ముద్రించిన నమూనా అక్కర్లేదు.

మడమ దగ్గరే పని ఆసక్తికరంగా మారుతుంది, నేర్చుకునేవారు భయపడి ఆగిపోయేదీ అక్కడే. వ్యాసకర్త సూచించిన షార్ట్ రో మడమ, అంటే వరుసను చివరిదాకా అల్లకుండా నడుమనే తిప్పుతూ చేసేది, మంచిదే, కాని అది అన్ని పాదాలకూ కుదరదు. నా అభిప్రాయంలో మొదట నేర్చుకోవలసింది పలకా, పక్క పట్టీలూ ఉన్న పాత పద్ధతి మడమ, ఎందుకంటే అందులో ప్రతి కుట్టుకూ కనిపించే కారణం ఉంటుంది. 64 కుట్లలో సగం, అంటే 32 కుట్లను మాత్రమే అటూ ఇటూ తిప్పుతూ 32 వరుసలు అల్లితే మడమ వెనుక నిలిచే పలక తయారవుతుంది. ముఖం వైపు వరుసల్లో ఒక కుట్టు అల్లక రెండో సూదికి జార్చడం, ఒకటి అల్లడం చేస్తే, జార్చిన కుట్టు వెనుక దారం అదనంగా పరుచుకుని బూటు రాసుకునే చోట గుడ్డ మందంగా మారుతుంది. ప్రతి వరుసలోనూ మొదటి కుట్టును జార్చడం వల్ల పలకకు రెండు అంచుల్లోనూ పదహారేసి పెద్ద ఉచ్చులు వరుసగా నిలుస్తాయి. తరువాత కుట్లు ఎత్తుకునేటప్పుడు పనికొచ్చేవి ఇవే.

ఇక మడమ తిప్పడం. 17 కుట్లు అల్లి, తరువాతి రెండింటినీ కలిపి ఒకటి చేసి, ఇంకొకటి అల్లి పనిని తిప్పితే, అవతల 12 కుట్లు అల్లకుండా మిగులుతాయి. వెనక్కి వచ్చేటప్పుడు ఒకటి జార్చి, మూడు పర్ల్ అల్లి, రెండింటినీ ఒకటి చేసి, ఒకటి అల్లి తిప్పితే ఇవతలా 12 మిగులుతాయి. అక్కడి నుంచి ప్రతి వరుసలోనూ కలిపే ముందు ఒక కుట్టు ఎక్కువ అల్లుతూ, తిప్పిన చోట ఏర్పడిన ఖాళీకి ఇటూ అటూ ఉన్న కుట్లను కలుపుతూ పోతే, వరుసకు రెండేసి చొప్పున పక్క కుట్లన్నీ అయిపోయి 18 కుట్లు మిగులుతాయి. చదునుగా ఉన్న పలక గిన్నెలా వంపు తిరిగేది ఈ కొద్ది వరుసల్లోనే. తరువాత పలక రెండు అంచుల్లోని 16, 16 ఎత్తుకుని, పైపాదం వైపు నిలిపి ఉంచిన 32 కలిపితే 82. చుట్టు విడిచి చుట్టుకు రెండేసి తగ్గిస్తే తొమ్మిది తగ్గింపు చుట్లలో తిరిగి 64కు చేరతాం. పక్క పట్టీలుగా మారే ఆ అదనపు 18 కుట్లే చీలమండ నుంచి పాదం ఎత్తు భాగం మీదుగా మేజోడు పట్టేయకుండా చూస్తాయి.

ఈ లెక్క ఒకసారి చేతికి వచ్చాక షార్ట్ రో మడమ బలమూ బలహీనతా వాటంతటవే అర్థమవుతాయి. అందులో 32 కుట్ల మీద వరుస వరుసకూ ఒకటి వదిలేస్తూ నడుమ 10 లేదా 12 మిగిలేదాకా వచ్చి, మళ్లీ ఒక్కొక్కటి కలుపుకుంటూ వెనక్కి వెళతాం. ఎత్తుకోవలసిన కుట్లు లేవు, చారల దారం వాడితే చారలు పైపాదం మీద చెదరవు, చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అదనంగా వచ్చి చేరే కుట్లు కూడా లేవు కనుక, పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవారికి అది లాగినట్టు ఉంటుంది. మడమకు సగం బదులు అరవై శాతం కుట్లు కేటాయిస్తే కొంత సర్దుకుంటుంది. తిప్పే చోట రంధ్రాలు పడకుండా కుట్టు చుట్టూ దారం తిప్పడం ఒక మార్గం, జర్మన్ షార్ట్ రో పేరిట కుట్టును లాగి రెండు పోగులుగా చేయడం మరొకటి. రెండోదే తేలిక అని నా అనుభవం.

వ్యాసంలో పేరైనా లేని మూడో రకం, మడమను చివర పెట్టడం. మడమ రావలసిన చోట సగం కుట్లను వేరే రంగు దారంతో అల్లి, గొట్టాన్ని వేళ్ల కొన దాకా సాగించి, ఆ తరువాత ఆ దారం తీసేస్తే పైనా కిందా కుట్లు బయటపడతాయి. వాటిని వేళ్ల కొనలాగే తగ్గించుకుంటూ మూసేస్తాం. అల్లిక మీద పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ఇంకా సాహసం చేసి, ముందు ఏ గుర్తూ పెట్టకుండా, అల్లేసిన గొట్టంలో ఒక కుట్టును కత్తిరించి మడమ పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మడమ చిరిగినప్పుడు దాన్ని ఊడదీసి కొత్తది అల్లుకునే వీలు ఇందులో ఉన్నంత బాగా మరెందులోనూ లేదు.

పై నుంచి కిందికా, వేళ్ల నుంచి పైకా అన్నది ఇక్కడికి వచ్చాక తేలే విషయం. పై నుంచి అల్లితే కుట్లు ఎక్కించడం వదులుగా ఉండాలి, లేకపోతే మేజోడు మడమ దాటదు. చివర వేళ్ల దగ్గర కిచెనర్ పద్ధతిలో రెండు వైపుల కుట్లనూ సూదితో కలపాలి. ఆ పని ఇష్టం లేనివారు ఎనిమిది కుట్లు మిగిలేదాకా తగ్గించి, వాటిలోంచి దారం లాగి ముడిచేసినా నష్టం లేదు. వేళ్ల నుంచి మొదలుపెట్టేవారికి 2006లో అల్లిక డిజైనర్ జూడీ బెకర్ ప్రచురించిన కాస్ట్ ఆన్ (కుట్లు ఎక్కించే) పద్ధతి ఎంతో మేలు చేసింది, అతుకు కనిపించకుండా రెండు సూదుల మీదా ఒకేసారి కుట్లు ఎక్కుతాయి. అల్లుతూ అల్లుతూ తొడిగి చూసుకోవచ్చు, ఉన్న ఊలంతా వాడుకోవచ్చు. అయితే అంచు దగ్గర కుట్లు ముగించేటప్పుడు బిగిస్తే శ్రమంతా వృథా.

ఊలు గురించి ఒక్క మాట. 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ కలిసిన దారం మేజోళ్లకు వాడుకలో ఉన్నది ఊరికే కాదు. నైలాన్ అరుగుదలను తట్టుకుంటుంది, ఊలు సాగి తిరిగి ముడుచుకుంటుంది. అచ్చమైన నూలుకు ఆ సాగే గుణం తక్కువ కాబట్టి నేర్చుకునేవారు దానితో మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఈ శీర్షికను కొనసాగిస్తామని మీరు ప్రకటించారు కనుక ఒక విన్నపం. తరువాతి సంచికలో పెద్ద మేజోడు నమూనా బదులు, లావు ఊలుతో 24 కుట్ల బుల్లి మేజోడు నమూనా ఇవ్వండి. దానికి 12 కుట్ల పలక, 12 వరుసలు, అంచుకు ఆరేసి ఎత్తుకోవలసిన కుట్లు చాలు. ఒకటి పలక మడమతో, రెండోది అదే ఊలుతో షార్ట్ రో మడమతో అల్లితే తేడా పాఠకుల చేతుల్లోనే ఉంటుంది. వాటిని ఏ సూదుల మీద అల్లుకుంటారో వారికే వదిలేయండి. మడమ తిప్పే భాగాన్ని మాత్రం వాక్యాల్లో కాకుండా వరుసవారీ పట్టికగా, ప్రతి వరుస చివర సూది మీద ఎన్ని కుట్లు ఉండాలో అంకెతో సహా ముద్రించండి. ఫొటోలు తగ్గినా ఫరవాలేదు, ఆ అంకెలు తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
ఊలు అల్లిక ఉపాధ్యాయిని