కలప దూలానికి నిప్పు కంటే చెదలే ముప్పు

సంపాదకులకు నమస్కారం.

పెద్ద భవనాల్లో కలప వాడకం అనగానే మనవాళ్లు మొదట అడిగేది నిప్పు గురించే. నార్వేలోని బ్రుముండాల్ అనే చిన్న పట్టణంలో 2019లో పూర్తయిన మ్యోస్టోర్నెట్ భవనం 18 అంతస్తులతో 85.4 మీటర్ల ఎత్తున నిలిచింది. దాని స్తంభాలు, దూలాలు పలకలను జిగురుతో అతికించి చేసినవే. అంత లావు దూలం అంటుకున్నా పైపొర బొగ్గుగా మారి, లోపలి కలపకు వేడి తగలకుండా అదే అడ్డుపడుతుంది. బొగ్గయ్యే వేగం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్లు కాబట్టి, గంటన్నర మంటకు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు పోతుందని ముందే లెక్కకట్టి దూలాన్ని ఆ మేరకు లావుగా రూపొందిస్తారు. రక్షణ పూత లేని ఉక్కు దాదాపు 550 డిగ్రీల దగ్గరే సగం బలం కోల్పోతుందన్న సంగతిని మాత్రం మనం అంతగా పట్టించుకోము.

ఆ భవనానికి అసలు చిక్కు తేలికదనంతో వచ్చింది. గాలికి ఊగడాన్ని తగ్గించడానికి పై ఏడు అంతస్తుల్లో కాంక్రీటు శ్లాబులు వేసి బరువు పెంచారు. కలప గొప్పలు చెప్పేవారు ఈ మాట దాటవేస్తుంటారు.

మన తీరప్రాంతంలో భయపడవలసింది చెదలకు, తేమకు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు కట్టినవారికి ఇది తెలుసు కనుకనే చేవదేరిన టేకును ఎంచి, స్తంభాన్ని నేలకు తగలనీయక రాతి దిమ్మెపై నిలిపేవారు.

కేంద్ర ప్రజాపనుల శాఖ కట్టడాల్లో కలప వాడకంపై 1993లో విధించిన నిషేధాన్ని 2020లో ఎత్తివేశారు. కలప కట్టడాల రూపకల్పనకు ఐఎస్ 883 అనే భారతీయ ప్రమాణమూ ఉంది. అయినా సివిల్ విద్యార్థులు కాంక్రీటును, ఉక్కును చదివినంత శ్రద్ధగా కలపను చదవరు, నేనూ చదవలేదు.

ప్రకాశం, కృష్ణా ప్రాంతాల రైతులు పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర ఎక్కువగా కాగితం మిల్లులకే పోతుంది కనుక, ధర పడిపోయిన ఏడాది వారికి వేరే దారి కనబడదు. ఈ కర్రను ఎంతవరకు ఆరబెడితే జిగురు పట్టి నిలుస్తుందో, ఏ మందు ఎక్కిస్తే చెద పట్టదో బెంగళూరులోని కలప శాస్త్ర, సాంకేతిక సంస్థతో కలిసి మన ఇంజనీరింగ్ కళాశాలలు పరీక్షించేలా ప్రభుత్వం చొరవ తీసుకోవాలి. పద్దెనిమిది అంతస్తులు నేను అడగడం లేదు. ఒక మండల గ్రంథాలయమో, బడి ఆటల హాలో ఇలా అతికించిన కర్రతో కట్టి, పది వానాకాలాల పాటు దాని తేమను, వంపును కొలిచి, ఆ లెక్కలను అందరి ముందూ పెట్టమంటున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
ఒంగోలు