గేటు ముందు 29 సెకన్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం నుంచి బడి మొదలయ్యే, విడిచే వేళల్లో గేటు ముందుకు వాహనాలను రానివ్వం. పిల్లలను మైదానం వైపు దించి, అక్కడి నుంచి నడిపించుకుని రావాలి. "రోజూ ఐదు నిమిషాలు దండగ" అని కొందరు రాశారు. కొట్టిపారేసే మాట కాదది. 400 కుటుంబాల ఐదేసి నిమిషాలు కలిపితే రోజుకు 33 గంటలు.

పోయిన నెల ఒకటో తరగతి పాప, దొర్లిపోయిన నీళ్ల సీసా కోసం గేటు దగ్గర వంగింది. వెనక్కి వస్తున్న కారు అద్దంలో ఆ పాప కనిపించే వీలే లేదు. కాపలాదారు డిక్కీ మీద అరచేత్తో గట్టిగా చరిస్తే కారు ఆగింది. ఆ కారు నడుపుతున్నది నేనే.

ఇక వేగం సంగతి. బడి దగ్గరి చివరి 600 మీటర్లు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తే 43 సెకన్లు, 30తో వస్తే 72. కలిసొచ్చేది 29 సెకన్లు. అడ్డం వచ్చిన పిల్లవాణ్ణి చూసి బ్రేకు తొక్కేలోపు ఒక సెకను గడుస్తుందనుకోండి. పొడి రోడ్డు మీద 30తో వచ్చే కారు దాదాపు 13 మీటర్లలో ఆగిపోతుంది. 50తో వచ్చే కారుకు ఆ 13 మీటర్లు దాటేసరికి ఇంకా బ్రేకే పడి ఉండదు. 5 నుంచి 29 ఏళ్ల మధ్యవారి మరణాలకు ప్రపంచంలో మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పోయిన ఐదు నిమిషాలు మీకు రోజూ తెలుస్తూనే ఉంటాయి. తప్పిపోయిన ప్రమాదం మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఈ వాదనలో నా పక్షం ఎప్పుడూ బలహీనంగానే కనిపిస్తుంది.

పాదచారుల వంతెన అడిగినవారికి నేనే వద్దన్నాను. ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ, పైగా మెట్లెక్కడానికి బద్ధకించి కిందనుంచే దాటేస్తారు, అందులో పెద్దలే ముందు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం తటపటాయించాం. దాని మీద అంబులెన్సు కూడా నెమ్మదించాలి, చుట్టుపక్కల ఇళ్లకు రాత్రంతా చప్పుడు. చివరకు జీబ్రా క్రాసింగ్‌నే కాస్త ఎత్తుగా, వెడల్పుగా వేయమని అధికారులకు రాశాం.

నడవలేని పిల్లలకు గేటు తెరిచే ఉంటుంది, ఆఫీసులో పేరు ఇస్తే చాలు. మైదానం దగ్గర ఉదయం నిలబడటానికి రోజుకు ఇద్దరు పెద్దలు కావాలి. సోమవారానికి ఒకరు దొరికారు, నేను. ఇంకొకరు కావాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు