వరద ఫొటో చూసి టర్బైన్ కొనవద్దు

సంపాదకుడు గారికి,

ఊరు పెరిగి కరెంటు చాలకపోయేసరికి అందరి చూపూ పక్కనున్న జలపాతం మీద పడుతుంది. అంత నీరు ఊరికే పోతోందని నిట్టూర్పులు మొదలవుతాయి. ప్రతిపాదన అట్ట మీద వరదలో ఉన్న జలపాతం బొమ్మే వేస్తారు. వేసవిలో బండల మీద సన్నగా జారే ధారను ఎవరూ చూపించరు. నేను జలవిద్యుత్తుకు వ్యతిరేకిని కాను. నా పేచీ ఆ బొమ్మతోనే.

లెక్క చిన్నదే. 30 అడుగుల ఎత్తు నుంచి ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు పడితే, నష్టాలు పోను దక్కేది సుమారు 2 కిలోవాట్లు. వానల్లో 500 క్యూసెక్కులు ఉంటే వెయ్యి కిలోవాట్లు వస్తాయి. నడివేసవిలో ప్రవాహం 20కి పడిపోతే వచ్చేది 40. ఫ్యాన్లన్నీ తిరగాల్సింది ఆ రోజుల్లోనే! పైగా వరదను చూసి ఒకే పెద్ద టర్బైన్ బిగిస్తే, అంత కొద్ది నీటికి అది సరిగా తిరగనే తిరగదు. చిన్నవి మూడు నాలుగైతే నీటిని బట్టి ఒక్కొక్కటే ఆపుకోవచ్చు.

కావేరి మీది శివనసముద్రం జలపాతం దగ్గరి విద్యుత్ కేంద్రం 1902లోనే కోలారు బంగారు గనులకు కరెంటు పంపింది. అంతటి జలపాతానికీ ఎండాకాలం నీటి కటకట తప్పలేదు. 1911లో కృష్ణరాజసాగర్ ఆనకట్ట పనులు మొదలుపెట్టడానికి ఒక కారణం ఆ కేంద్రానికి ఏడాది పొడవునా నీరందించడమే. జలపాతం చాలక వెనకాల జలాశయం కట్టాల్సి వస్తే ఆ ఖర్చు ఎంతో, మునిగే భూమి ఎవరిదో ముందే చెప్పాలి.

కిందికి వదలాల్సిన నీటి సంగతీ అంతే. నయాగరా వద్ద పర్యాటకుల కాలంలో పగటిపూట లక్ష క్యూసెక్కులు, మిగతా సమయాల్లో 50 వేలు తగ్గకుండా దూకనివ్వాలని అమెరికా, కెనడా 1950లోనే ఒప్పందం రాసుకున్నాయి. అది చూడవచ్చే వారి కోసం. దిగువన చేపలు పట్టుకునేవారికి, పొలాలు తడుపుకునేవారికి కూడా అలా ఒక అంకె కాగితం మీద ఉండాలి కదా?

మొదట నది ఒడ్డున కొలబద్ద పాతి, కనీసం మూడేళ్లు రోజూ నీటిమట్టం పుస్తకంలో రాయించాలి. మరొకటి: కాలువ మూతి దగ్గర కమ్మీలకు ఎండుటాకులు అడ్డుపడితే టర్బైన్‌కు నీరందదు. అర్ధరాత్రి వెళ్లి వాటిని లాగేసే మనిషి జీతం అంచనాల్లో ఉందా?

మీ విలేకరులు ఈసారి ఇలాంటి ప్రతిపాదన గురించి రాసేటప్పుడు ఆ పుస్తకం అడిగి చూడాలని, పక్కన నడివేసవి ఫొటో ఒకటి వేయాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు