సొంత రెగ్యులేటర్ కొనాలనుకునేవాళ్లకు

అందరికీ నమస్తే. చెన్నై నీలాంకరై, పుదుచ్చేరి వైపు స్కూబా డైవింగ్‌కి వెళ్లే మనవాళ్లు కొందరు ఏ రెగ్యులేటర్ (సిలిండర్‌లోని గాలిని నీళ్లలో ఊపిరికి అందించే పరికరం) కొనాలని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా.

ముందు గాలి ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి. 30 మీటర్ల లోతులో గాలి, పైన ఉన్నదానికి 4 రెట్లు చిక్కగా ఉంటుంది, అందుకే లాగడం కష్టమవుతుంది. సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉన్నప్పుడు ఏ రెగ్యులేటరైనా బాగానే ఇస్తుంది. 50 బార్‌కి దిగాక తెలుస్తుంది అసలు తేడా. స్కూబాప్రో కంపెనీ ఎంకే2 లాంటి అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్‌తో (సిలిండర్ ఒత్తిడి తగ్గేకొద్దీ పనితీరు మారే రకం) అప్పుడు ఊపిరి కాస్త లాగి తీసుకోవాలి. ఎంకే25 లాంటి బ్యాలెన్స్‌డ్ రకంలో చివరిదాకా దాదాపు ఒకేలా వస్తుంది. 18 మీటర్లు దాటనివాళ్లకు ఎంకే2 చాలు, లోపల భాగాలు తక్కువ, సర్వీసింగ్ సులువు. ఇసుక, బురద కలిసిన నీళ్లలో దిగేవాళ్లకు మాత్రం నా ఓటు సీల్డ్ డయాఫ్రమ్ రకానికే, అందులో లోపలి భాగాల్లోకి నీళ్లు, ఇసుక చేరవు.

ఇక సౌకర్యం. షాపులో నోట్లో పెట్టుకుని తల రెండు వైపులా తిప్పి చూడండి. హోస్ (గాలి గొట్టం) లాగుతుంటే నీళ్లలో దవడ నొప్పి ఖాయం. మౌత్‌పీస్ (పళ్ల మధ్య పట్టుకునే రబ్బరు ముక్క) ఒక్కటే నచ్చకపోతే టెన్షన్ వద్దు, జిప్ టై కోసి వేరేది తగిలించుకోవచ్చు. బరువైన సెకండ్ స్టేజ్‌ని (నోటి దగ్గరుండే భాగం) అలా మార్చలేం కదా!

డబ్బు కట్టేముందు ఆ మోడల్‌కి చెన్నైలో సర్వీస్ చేసేవాళ్లున్నారో లేదో కనుక్కోండి. డిన్ రకం (సిలిండర్‌కి మర తిప్పి బిగించేది) కొంటే యోక్ (క్లాంప్‌లా పట్టి బిగించేది) అడాప్టర్ కూడా తీసుకోండి. ఆదివారం పూల్‌కి నాది తెస్తాను, వాడి చూడాలనుకునేవాళ్లు మీ సొంత మౌత్‌పీస్ తెచ్చుకోండి.