ఫీజు చీటీ

తల్లీ,

నీ జీతమంతా అల్లుడి ఖాతాలోకే వెళ్తోందని, ఇద్దరూ ఒకటే కదా అని ఫోనులో అన్నావు. రెండు రోజులుగా ఆ మాటే నా మనసులో మెదులుతోంది.

నీ ఎనిమిదో తరగతి ఫీజు చీటీ నాకింకా గుర్తుంది. మీ నాన్న భోజనం ముగించేదాకా దాన్ని పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. చేతి చెమటకు అంకెలు అలుక్కుపోయాయి. ఆయన చెడ్డవారు కారు. "చూద్దాం" అన్నారు, అంతే. ఆ చూద్దాంలోనే నెల గడిచిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది గడువుకు మూడు రోజుల ముందే ఫీజు కట్టేశాను. ఆ తరువాత నీ చదువు గురించి ఆయనే నన్ను అడగడం మొదలుపెట్టారు. అవసరమైతే సొంతంగా నిలబడగలదని తెలిసిన మనిషి మాటకు ఇంట్లో బరువు పెరుగుతుంది, ఆ అవసరం ఎన్నడూ రాకపోయినా సరే.

ఇంటికంతటికీ ఒకే మనసు, ఒకే జేబు అని ఆర్థికవేత్తలు కూడా చాలాకాలం అనుకున్నారు. 1970ల చివర్లో బ్రిటన్‌లో పిల్లల కోసం తండ్రి జీతంలో ఇచ్చే పన్ను రాయితీని తీసేసి, ఆ సొమ్మును తల్లి చేతికి ఇచ్చారు. పిల్లల బట్టల మీద ఖర్చు పెరిగింది. చైనాలో తేయాకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లు. తేయాకు ధర పెరిగాక అక్కడ కొడుకులూ కూతుళ్లూ ఎక్కువ ఏళ్లు చదివారని ఆర్థికవేత్త నాన్సీ చియాన్ 2008లో చూపించారు. మగవాళ్ల సంపాదన పెరిగిన చోట మాత్రం ఆడపిల్లల చదువు తగ్గింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఎక్కడైనా తల్లి చేతికిస్తే చాలని చెప్పలేను. మొరాకోలో బడి భత్యం తల్లికిచ్చినా తండ్రికిచ్చినా పెద్ద తేడా కనిపించలేదు. అది చదువు కోసమే అని ముందే చెప్పి ఇచ్చిన డబ్బు. నాకు అందులో ఒక దారి కనిపించింది. అల్లుడితో తగవు పెట్టుకోమని కాదు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నీ జీతం నీ ఖాతాలో పడాలి. అందులోంచి పాప చదువుకని నెలనెలా కొంత వేరే ఖాతాలో వేయి. దాని మీద ఇద్దరి సంతకాలూ ఉండనీ.

పాపకు ఇంకా ఏడాది నిండలేదు, నిజమే. అయినా ఆ ఖాతా ఈ నెలలోనే తెరువు. మొదటి జమ నేను వేస్తాను.

మీ అమ్మ