జీఆర్86ని అమ్మకు, టైర్లు మార్చు

మినియాపొలిస్,
సెప్టెంబరు 7

ఒరేయ్ శీనూ,

ఇక్కడ ఉద్యోగం ఖాయమైందని నువ్వు పంపిన మెసేజ్ చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఒకే ఊళ్ళో ఉండబోతున్నామంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. కానీ ఆ కిందే "అక్కడ మంచు కదా, జీఆర్86 అమ్మేసి ఏదైనా ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ తీసుకుంటా" అని రాశావు చూడు, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎంత మనసుపడి కొనుక్కున్న టయోటా స్పోర్ట్స్ కారురా అది! ఫోన్లో మొదలుపెడితే నాలుగు మాటలయ్యేసరికి పిల్లలో, ఆఫీసు కాల్సో అడ్డొస్తాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

మంచులో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది టైరు. ఇంజిన్ శక్తిని నాలుగు చక్రాలకీ పంపే ఆల్ వీల్ డ్రైవ్ ఆ తర్వాతి సంగతి. దానివల్ల ఆగి ఉన్న కారు తేలిగ్గా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది, కాదనను. కానీ నాలుగు చక్రాలకీ బ్రేకులుండటం ప్రతి కారుకీ ఉన్నదే కదా. ఎర్రలైటు దగ్గర ఆగేటప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ చేసే సాయం ఏమీ లేదు. ఇక్కడ మొదటి మంచు పడ్డ రోజున ఐ-494 హైవే పక్కన గుంటల్లోకి జారిపోయినవాటిలో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు కూడా కనిపిస్తాయి. కదిలినంత సులువుగా ఆగుతుందనుకుని తోలినవాళ్ళవే అవన్నీ.

ఇప్పుడు నీ కారుకున్న టైర్ల సంగతి. ప్రీమియం మోడల్ కాబట్టి నీకొచ్చినవి 215/40ఆర్18 సైజు మిషెలాన్ పైలట్ స్పోర్ట్ 4. డాలస్ ఎండలకి వాటిని మించినవి అరుదు. కానీ అవి పక్కా వేసవి టైర్లు. 45 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకి దిగేసరికి వాటి రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది, చలికాలం సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టు. అప్పుడు రోడ్డు పొడిగా ఉన్నా పట్టు ఉండదు. 20 డిగ్రీల కిందైతే వాటిమీద కారుని కదిపినా రబ్బరు పగిలే ప్రమాదం ఉంది. మినియాపొలిస్‌లో జనవరి నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రతే సగటున 25 దాటదు. అంటే "మెల్లగా నడుపుతా, జాగ్రత్తగా ఉంటా" అనుకుని నెట్టుకొచ్చే వ్యవహారం కాదిది.

నీకు తేడా చూపించాలంటే మా గరాజ్‌కి ఓ జనవరి ఉదయం తీసుకెళ్ళాలి. నీ కారుకి కవల లాంటి నా సుబారు బీఆర్‌జెడ్ వేసవి టైర్లు గోడవారగా పేర్చి ఉంటాయి, చలికాలం టైర్లు కారుకి ఉంటాయి. వేసవి టైరు మీద బొటనవేలి గోరు పెట్టి ఎంత నొక్కినా దిగదు, గోరే వంగుతుంది. పక్కనే చలికాలం టైరు మీద నొక్కు, అంత చలిలోనూ మెత్తగా లోపలికి పోతుంది. దాని ప్రతి దిమ్మె మీదా జిగ్‌జాగ్‌గా కోసిన సన్నటి చీలికలు ఉంటాయి, సైప్స్ అంటారు. దిమ్మెని వేలితో పక్కకి నెడితే అవి విచ్చుకుంటాయి. రోడ్డు మీద బ్రేకు కొట్టినప్పుడు జరిగేది కూడా అదే: ఆ అంచులన్నీ విచ్చుకుని మంచుని పట్టుకుంటాయి.

ఇక్కడ నిజంగా భయపెట్టేది కొత్తగా పడ్డ మంచు కాదురా. సిగ్నళ్ళ దగ్గర కార్లు ఆగుతూ కదులుతూ ఉంటే టైర్ల కింద మంచు నలిగి, నునుపు దేరి, ఐసు పలకలా తయారవుతుంది. అది కూడా మైనస్ 10లో ఉన్నప్పటికన్నా 30 డిగ్రీల దగ్గర, అంటే కరగడానికి కాస్త ముందు, ఎక్కువ జారుతుంది. పైన సన్నటి నీటి పొర ఉంటుంది కాబట్టి. "ఇవాళ చలి తగ్గిందిలే" అని ధైర్యం తెచ్చుకున్న రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

చలికాలం టైర్లు అని వెతికితే రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి మేకులు లేని స్టడ్‌లెస్ ఐస్ అండ్ స్నో రకం: బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలాన్ ఎక్స్-ఐస్ స్నో, నోకియన్ హక్కపెలిట్ట ఆర్ సిరీస్ లాంటివి. రెండోది పర్ఫార్మెన్స్ వింటర్ రకం: మిషెలాన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లీ సొట్టోజీరో వగైరా. స్పోర్ట్స్ కారు అనగానే షాపువాళ్ళు రెండోదాని వైపు లాగుతారు. స్టీరింగ్ పదునుగా ఉంటుంది, హైవే మీద వేగానికి తట్టుకుంటాయి. కానీ అవి చలి ఉండీ, మంచు తక్కువగా, తడి ఎక్కువగా ఉండే ఊళ్ళకి సరిపోయే టైర్లు. మినియాపొలిస్‌కి నా ఓటు మొదటి రకానికే. పొడి రోడ్డు మీద కారు కాస్త మెత్తమెత్తగా ఊగినట్టుంటుంది, ఏప్రిల్‌లో ఎండ కాసేసరికి ఆ మెత్తదనం చిరాకు తెప్పిస్తుంది కూడా. అయినా సిగ్నల్ దగ్గర ఐసు మీద ఆగడమా, మలుపులో పదునా అని అడిగితే, చెల్లెమ్మనీ పిల్లల్నీ తలుచుకుని జవాబు చెప్పు.

బ్రాండు విషయంలో నాకు పట్టింపు లేదు. నోకియన్ వాళ్ళు ఫిన్లాండ్‌లో 1934లోనే ప్రపంచంలో మొట్టమొదటి చలికాలం టైరు చేశారు, రెండేళ్ళకి హక్కపెలిట్ట వచ్చింది. బ్లిజాక్ 1988లో జపాన్‌లో మొదలైంది. మొదటి రకంలో చెప్పిన ఆ మూడింట్లో ఏది దొరికినా కళ్ళు మూసుకుని తీసుకో. మేకులు కొట్టిన స్టడెడ్ టైర్ల జోలికి మాత్రం పోకు, మిన్నెసోటాలో ఉండేవాళ్ళ కార్లకి అవి నిషేధం.

కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు గుర్తు ఉండాలి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అనే అక్షరాలు ఒక్కటే ఉంటే నమ్మకు, అవి గాడుల అమరిక చూసి వేసేవి. అలాగని కొండ గుర్తు ఉంటే చాలనీ అనుకోకు. ఆ పరీక్ష మంచు మీద ముందుకు కదిలే శక్తిని చూస్తుందే కానీ ఐసు మీద ఆగడాన్ని చూడదు. ఏడాది పొడవునా వాడే ఆల్ వెదర్ టైర్లకీ ఆ గుర్తు ఉంటుంది. నాష్‌విల్‌లోనో సెయింట్ లూయిస్‌లోనో ఉండేవాడికి అవి బాగానే సరిపోతాయి. నీకొద్దు.

ఇక సైజు. ఇక్కడ నా మాట విను, 18 నుంచి 17 అంగుళాలకి దిగు. నీ కారు బేస్ మోడల్ కంపెనీ నుంచే 17 అంగుళాల రిమ్ములతో, 215/45ఆర్17 టైర్లతో వస్తుంది కాబట్టి పడుతుందా లేదా అన్న సందేహమే లేదు. పెద్ద బ్రేకులు వేసిన మోడల్ అయితేనే 17 పట్టకపోవచ్చు. లెక్క చూడు: ఇప్పుడున్న టైరు పక్కగోడ ఎత్తు 215 మిల్లీమీటర్ల వెడల్పులో 40 శాతం, అంటే 86 మిల్లీమీటర్లు, 215/45ఆర్17 అయితే 45 శాతం, దాదాపు 97. మొత్తం చక్రం ఎత్తులో తేడా ఒక్క శాతం కూడా లేదు, స్పీడోమీటరు ఏమీ తప్పదు. ఆ పదకొండు మిల్లీమీటర్ల రబ్బరు విలువ నీకు మార్చిలో తెలుస్తుంది. పగలు కరిగిన నీళ్ళు రోడ్డు పగుళ్ళలోకి దిగి, రాత్రి గడ్డకట్టి, తారుని పెకలించేస్తాయి. ఒక్కో గుంతలో పడితే సన్నగోడ టైరు చిట్లి, రిమ్ము అంచు వంగి, రెండూ ఒకేసారి పోతాయి. ఇంకాస్త సన్నగా 205/50ఆర్17 వేసినా మంచిదే. మంచులో సన్న టైరు దాన్ని చీల్చుకుంటూ కిందికి దిగుతుంది, వెడల్పు టైరు చిత్తడి మీద తేలిపోతుంది. వేసవిలో మనం వెడల్పు టైర్ల కోసం ఎగబడతాం చూడు, చలికాలంలో లెక్క తిరగబడుతుంది.

రిమ్ముల దగ్గరే అసలు తిరకాసు ఉంది, జాగ్రత్తగా చదువు. నీ కారు మీద టయోటా అని రాసి ఉన్నా అది తయారయ్యేది జపాన్‌లోని గున్మా దగ్గర సుబారు ఫ్యాక్టరీలో. చక్రాల కొలతలన్నీ సుబారువే. అయిదు నట్లు, అవి కూర్చునే వృత్తం 100 మిల్లీమీటర్లు, రిమ్ము మధ్య రంధ్రం 56.1 మిల్లీమీటర్లు. కొరోలాకి కూడా అయిదు నట్లు, 100 వృత్తమే, కానీ మధ్య రంధ్రం 54.1. టయోటానే కదా అని ఎవరైనా పాత కొరోలా రిమ్ములు చవగ్గా ఇస్తామంటే, చక్రం బిగించే హబ్ మీద అవి కూర్చోవు. నట్లకీ అంతే, మామూలు టయోటా నట్టు మరల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు, నీది 1.25. తేడా నట్టుని పానాతో బలవంతంగా తిప్పితే నట్టు ఎక్కే స్టడ్ మర మొత్తం పోతుంది.

దీనివల్ల మేలు కూడా ఉంది. 2013 నుంచి 2016 దాకా మోడళ్ళుగా అమ్మిన సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్, ఆ తర్వాతి టయోటా 86, సుబారు బీఆర్‌జెడ్‌ల 17 అంగుళాల కంపెనీ రిమ్ములు నీ కారుకి నేరుగా పడతాయి. వాటి ఓనర్లలో చాలామంది కొన్న వెంటనే రిమ్ములు మార్చేస్తారు కాబట్టి పాతవి తేలిగ్గా దొరుకుతాయి. డబ్బు రిమ్ముల మీద కాకుండా టైర్ల మీద పెట్టు. ఫోర్జ్‌డ్ రిమ్ములు, తేలికపాటి రిమ్ములు వేసవికి దాచుకో. చలికాలం రిమ్ము అంటే ఉప్పులో నాలుగైదు నెలలు నానే రిమ్ము. మెరిసేలా చెక్కిన అంచులున్నవి, క్రోమ్ పూసినవి అసలొద్దు. రాయి తగిలి పైపూత చిన్న గీత పడితే చాలు, దాని కింద ఉప్పు చేరి తెల్లటి పురుగుల్లాంటి గీతలు పాకుతాయి. పూర్తిగా పెయింట్ వేసిన సాదా వెండిరంగు రిమ్ము అన్నిటికన్నా మన్నుతుంది. బయటి కంపెనీ రిమ్ములు తీసుకుంటే మధ్య రంధ్రంలో ఖాళీ పూడ్చడానికి వేసే రింగులు ప్లాస్టిక్‌వి అడుగు. అల్యూమినియంవి ఉప్పుకి హబ్‌కే అతుక్కుపోతాయి.

నాలుగూ మార్చాలి సుమా. ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే వెళ్ళే బండి కదా, వెనక రెండూ మారిస్తే చాలని కొందరంటారు. అప్పుడు కారు బాగానే కదులుతుంది, కానీ తిరగాల్సిన చోట తిరగదు, ఆగాల్సిన చోట ఆగదు. ఇంకొకటి, మన కార్లకి వెనక రెండు చక్రాలకీ శక్తి పంచే టోర్సెన్ డిఫరెన్షియల్ ఉంది. ఐసు మీద యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగి తోక పక్కకి పోతుంది. మంచి టైర్లున్నా కుడికాలు మెత్తగా పెట్టాలి. మొదటి మంచు పడ్డాక ఇద్దరం కలిసి ఏదైనా ఖాళీ స్థలంలో అనుమతి అడిగి సాధన చేద్దాం.

టైర్లలో గాలి చూసే సెన్సార్లు కూడా రెండో సెట్‌కి వేయించు. పాత సెన్సార్ల నంబర్లనే కొత్తవాటిలోకి కాపీ చేయించుకుంటే ప్రతి అక్టోబరులోనూ, ఏప్రిల్‌లోనూ కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పే పని తప్పుతుంది. ఉష్ణోగ్రత 10 ఫారన్‌హీట్ డిగ్రీలు పడితే సుమారు 1 పీఎస్ఐ గాలి తగ్గుతుంది. 50 డిగ్రీల గరాజ్‌లో గాలి సరిచూసుకుని, మైనస్ 10లో బయటికొస్తే 6 పీఎస్ఐ పోయినట్టే. అందుకే గాలి ఎప్పుడూ బయట చలిలో, కారు కదలకముందు చూడాలి.

ఇది చెప్పకపోతే నువ్వు హడలిపోతావు: పోయిన సంక్రాంతికి మేపుల్ గ్రోవ్ గుడి నుంచి తిరిగొస్తుంటే, ఐ-94 మీద వేగం 55 మైళ్ళు దాటగానే స్టీరింగ్ గడగడా వణికింది. పక్కన మా ఆవిడకి ఒకటే టెన్షన్. పెట్రోల్ బంకు దగ్గర ఆపి టార్చి వేసి చూస్తే, పార్కింగ్‌లోని మంచు రిమ్ము లోపలివైపు ఒక పక్కనే దట్టంగా పేరుకుని గడ్డకట్టి ఉంది. మంచు దులిపే బ్రష్ పిడితో స్పోకుల సందుల్లోంచి పొడిచి రాలగొడితే వణుకు పూర్తిగా ఆగిపోయింది. నీకూ జరుగుతుంది. అలైన్‌మెంట్ పోయిందనుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తకు.

కారు నేలకి అయిదంగుళాల ఎత్తే ఉంటుంది కాబట్టి రాత్రికి రాత్రి ఎనిమిది అంగుళాల మంచు పడ్డ రోజున, మంచు తోసే ప్లౌ బండ్లు వచ్చేదాకా మీ సియన్నా వ్యాన్‌లో వెళ్ళు, లేదా ఇంటినుంచే పని చెయ్యి. అలాంటి రోజులు చలికాలం మొత్తం మీద కొన్నే. మిగతా రోజులన్నీ కారు నీదే.

ఐ-35 ఎక్కితే డాలస్ నుంచి నేరుగా మా ఊరే, అక్టోబరు మొదట్లో ఉన్న టైర్లతోనే హాయిగా వచ్చేయొచ్చు. తర్వాత ఆలస్యం వద్దు. 1991లో ఇక్కడ హాలోవీన్ రోజున మొదలైన మంచు తుఫానులో 28 అంగుళాలు పడింది. మొదటి మంచు పడగానే టైర్ల షాపుల్లో అపాయింట్‌మెంట్లు దొరకవు, మంచి సైజులు అయిపోతాయి. ఈ నెలలోనే ఆర్డర్ పెట్టి మా ఇంటికి పంపించు. వచ్చాక టైరు మీది నాలుగంకెల తయారీ తేదీ నేను చూస్తా, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

బిగించడం మా గరాజ్‌లోనే చేద్దాం. హబ్ మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, నట్లు టార్క్ రెంచ్‌తో 89 ఫుట్-పౌండ్లకి బిగించి, ఒక యాభై మైళ్ళు నడిపాక మళ్ళీ సరిచూస్తే సరి. జాకీ, రెంచ్ రెండూ నా దగ్గరున్నాయి. నువ్వు మాత్రం ఆర్డర్ పెట్టేముందు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరూ, ముందు చక్రం సందుల్లోంచి కనిపించే బ్రేకు క్యాలిపరూ ఫోటో తీసి పంపు. అక్టోబరు మూడో శనివారం ఖాళీగా ఉంచుకో.

చెల్లెమ్మకి, పిల్లలకి మా ఆశీస్సులు చెప్పు.

నీ
రవి

తా.క.: సియన్నాకి కూడా చలికాలం టైర్లు తప్పనిసరి. పిల్లలు ఎక్కేది అందులోనే కాబట్టి, ఒకవేళ ఈ నెల డబ్బు ఒక సెట్‌కే సర్దుబాటైతే, ముందు దానికే కొను.